పెయింట్ సంగతి తర్వాత, ముందు బాత్‌రూం గడియ

రంగులు వేయించడానికి డబ్బులిచ్చేవాళ్ళు తొందరగానే దొరుకుతారు. బాత్‌రూం తలుపుకి లోపలి గడియ, కౌన్సెలింగ్ గదికి స్లాబు దాకా గోడ, పక్క సందులోంచి ఒక దారి, వీటికి ఇవ్వండి అంటే మాత్రం అవతలి గొంతు మారిపోతుంది. హనుమకొండలో సెక్స్ వర్కర్ల కోసం నడిచే ఒక సపోర్ట్ సెంటర్‌ని బాగుచేసే పని ఎండాకాలానికి ముందు నా చేతికి వచ్చింది, వానలు మొదలయ్యే లోపు చాలావరకు అయిపోయింది. అప్పటి నుంచి కొందరు "అక్కడ ఏం చేశావు, ఎట్లా చేశావు" అని అడుగుతున్నారు, ఇంకొందరు "నీకెందుకమ్మా ఆ పని" అని. రెండో రకం వాళ్ళతో మాట్లాడే ఓపిక లేదు. మొదటి రకం వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి సెంటర్లు వేరే జిల్లాల్లో కూడా ఉన్నాయి, ఎప్పుడో ఒకప్పుడు వాటికీ రిపేర్లు వస్తాయి, అప్పుడు ఎవరో ఒక కాంట్రాక్టర్ మొదటి రోజే పెయింట్ షేడ్ కార్డు పట్టుకుని వెళ్తాడు.

నేను సివిల్ డిప్లొమా చేశాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చిన్న చిన్న రిపేరు పనులు పట్టుకుంటాను. కొత్త ఇళ్ళు కట్టను, ఉన్నవి కారకుండా చూస్తాను. మా మేస్త్రి, ఇద్దరు ముగ్గురు కూలీలు, ఒక ప్లంబర్, ఒక ఎలక్ట్రీషియన్, అంతే నా బలగం. సెంటర్ పేరు, ఏ వీధి, దేని పక్కన, ఇవేవీ రాయను, ఫొటోలు పెట్టను.

ఆ సెంటర్ ఏమిటో తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అందరూ నాకో అనేది, 1992లో మొదలైంది. దాని కింద రాష్ట్రానికొక సంస్థ, వాటి కింద జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థలూ కమ్యూనిటీ సంఘాలూ నడిపే ప్రాజెక్టులు. ఆఫీసు మాటల్లో ప్రాజెక్టుని టీఐ అంటారు, సెంటర్‌ని డీఐసీ అంటారు, అంటే డ్రాప్ ఇన్ సెంటర్. పొద్దున వచ్చి స్నానం చేసి, కాసేపు నడుం వాల్చి, కండోములు తీసుకుని, రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ వచ్చే రోజైతే చూపించుకుని, కష్టం ఉంటే చెప్పుకుని వెళ్ళే చోటు. అక్కడ పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివాళ్ళకి ఆరోగ్యం సంగతులు చెప్పే మనుషులుగా పనిచేసేవాళ్ళు కూడా ఆ కమ్యూనిటీ వాళ్ళే. ఈ పద్ధతికి పేరు తెచ్చింది కోల్‌కతాలో సెక్స్ వర్కర్లు ఎక్కువగా ఉండే సోనాగాచి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఆ వీధి ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు. 1995 కల్లా వాళ్ళు దర్బార్ మహిళా సమన్వయ కమిటీ అని సొంత సంఘం పెట్టుకున్నారు, ఉషా పేరుతో సొంత సహకార బ్యాంకు కూడా.

మన వైపు కథ వేరు. ఇక్కడ అందరూ ఒక వీధిలో ఉండరు, ఎవరికి వారుగా చెల్లాచెదురుగా ఉంటారు. ఇంట్లో ఉండి, ఫోన్ల మీద, బస్టాండ్ల దగ్గర, హైవే పక్కన. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌లో కూలికి పోయి, పని దొరకని నెలల్లో ఇటు వచ్చేవాళ్ళు కూడా నాకు అక్కడ కనిపించారు. చాలామంది ఇళ్ళలో ఈ సంగతి తెలియదు, కిరాయి ఇంటి ఓనర్‌కి తెలియదు, పిల్లల బడిలో తెలియదు. కాబట్టి ఆ సెంటర్ మెట్లెక్కుతూ ఎవరికంటనైనా పడితే ఇల్లు, బంధువులు, పిల్లల బడి అన్నీ ఒక్కరోజులో తలకిందులవుతాయి. నేను చివరికి వేసిన కొటేషన్ అంతా ఈ భయం చుట్టూనే తిరిగింది.

బిల్డింగ్ కిరాయిది. ఒక హాలు, మూడు గదులు, వెనక రేకుల వసారా. స్లాబు పాతది, హాల్లో ఫ్యాను కొక్కెం చుట్టూ పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి, గోడలకి నడుము ఎత్తు దాకా చెమ్మ. అయినా వాళ్ళకి ఇది నచ్చింది, ఎందుకంటే రోడ్డు కంటే ఎత్తులో ఉంది. అంతకు ముందు ఉన్న చోటు పల్లం. 2023 జూలై వానలకి నయీంనగర్ నాలా పొంగినప్పుడు హనుమకొండ ఎట్లా మునిగిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, వాళ్ళ రిజిస్టర్లు, పరుపులు అన్నీ అప్పుడే పోయాయట.

డబ్బు ఒక కంపెనీది. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి, ఆ పద్దులోంచి. వాళ్ళు ముందే ఒక డిజైనర్ చేత లిస్టు రాయించుకుని పంపారు: ముందు గోడకి కొత్త ఎలివేషన్, రాత్రి వెలిగే బోర్డు, రిసెప్షన్ కౌంటర్, హాల్లో ఫాల్స్ సీలింగ్, గోడ మీద రెక్కలు విప్పిన సీతాకోకచిలుక, నాలుగు సీసీ కెమెరాలు. చువ్వలు తేలిన స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ కట్టడమంటే పుండు మీద పౌడర్ రాయడమే. పై నుంచి ఏం ఊడుతుందో కూడా తెలియదు, ఒకరోజు మొత్తం నెత్తిన పడుతుంది. అది కొట్టేయించాను. సీతాకోకచిలుక గురించి నేనేం అనలేదు, ఆడవాళ్ళే అన్నారు, అక్కడ ఒకామె దాన్ని చూసి "గిది చిన్నపిల్లల బడా" అని ఒక్క మాటతో తీసేసింది.

స్లాబు పని త్వరగా చెప్పేస్తాను. సుత్తితో తడితే గుల్లగా మోగిన కాంక్రీటు అంతా కొట్టేశాం, చువ్వల తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో నింపాం. పైన నీళ్ళు నిలవకుండా వాలు సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ చేశాం. చెమ్మ పట్టిన ప్లాస్టరింగ్‌ని ఇటుక కనిపించేదాకా తీసేసి మళ్ళీ చేశాం. బడ్జెట్‌లో పెద్ద ముక్క ఇక్కడే పోయింది. కంపెనీ తరఫున వచ్చినాయన పైకి చూసి "ఏం మారలేదు కదా" అన్నాడు. నిజమే, మారకూడదనే చేశాం సార్.

ఆడవాళ్ళతో మీటింగ్ మధ్యాహ్నం పెట్టాం, పొద్దున చాలామందికి నిద్ర టైం. ఏం కావాలి అని అడిగితే "మీ ఇష్టం మేడం" అన్నారు అందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఇంటి పనుల్లో కూడా అంతే, ముందు మీ ఇష్టం అంటారు, టైల్స్ వేశాక ఏడుస్తారు. నేను రోడ్డు మీద నుంచి మొదలుపెట్టాను. బయట నుంచి లోపలికి వచ్చేదాకా ఎక్కడెక్కడ టెన్షన్ పడతారో చెప్పండక్కా, నేను చాక్‌పీసుతో గీస్తాను అన్నాను. అందరూ పెద్దక్క అని పిలిచే ఒకామె ముందు నోరు తెరిచింది. "రోడ్డు మీదికెళ్ళి మెట్లెక్కుతాంటే చాయ్ హోటల్ల కూసున్నోళ్ళందరు తల తిప్పి చూస్తరు బిడ్డా. లోపలికి వచ్చేదాక పానం గుప్పిట్ల పెట్టుకోవాలె." ఆ తర్వాత ఇక ఆగలేదు. కౌన్సెలర్‌తో మాట్లాడితే హాల్లోకి వినబడుతుంది. బాత్‌రూంకి గడియ లేదు, ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు బయట కావలి ఉండాలి. లైటు స్విచ్ బయట ఉంది, ఎవరో ఒకరు అలవాటుగా ఆపేస్తారు. కాగితాలు పెట్టుకునే జాగ లేదు. రాత్రి లోపల లైటు వేస్తే కిటికీలో నీడలు కనిపిస్తాయి.

కంపెనీ లిస్టులో ఇందులో ఒక్కటీ లేదు.

దారి సంగతి ముందు తేల్చాం. రోడ్డు వైపు తలుపుని మూసేసి కిటికీ చేశాం. పక్కన ఉన్న సందులో ఒక టైలర్ షాపు, ఒక జిరాక్స్ షాపు ఉన్నాయి, పొద్దస్తమానం ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఆ సందులోకి కొత్త తలుపు తెరిచాం. ఇప్పుడు సందులోకి తిరిగిన మనిషి బ్లౌజ్ కుట్టించుకోవడానికి పోతుందో, ఆధార్ జిరాక్స్‌కి పోతుందో, సెంటర్‌కి పోతుందో చాయ్ హోటల్ వాళ్ళకి తెలియదు. తలుపు తెరవగానే హాలు కనిపించకుండా లోపల ఒక అడ్డు గోడ. తలుపుకి, బయట ఎవరున్నారో లోపల నుంచి చూసే మ్యాజిక్ ఐ, బెల్లు.

బోర్డు దగ్గర కంపెనీ వాళ్ళతో కొంచెం గట్టిగానే అయింది. వాళ్ళకి ఎయిడ్స్ గుర్తు ఎర్ర రిబ్బన్ బొమ్మ, తమ లోగో, రెండూ రోడ్డు మీదికి కనిపించాలి. ఎర్ర రిబ్బన్ అంటే ఏమిటో ఇవాళ పదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. దాని కింద నుంచి నడిచి లోపలికి పోవాలంటే ఎవరు పోతారు? చివరికి బయట మహిళల ఆరోగ్య కేంద్రం అని మామూలు అక్షరాల్లో ఒక చిన్న పలక. రిబ్బనూ లోగోలూ హాల్లో, లోపలి గోడ మీద.

కిటికీల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఇళ్ళలో కూడా పనికొస్తుంది. అద్దం ఫిల్మ్ అమ్మే కుర్రాడు వచ్చి "మేడం, ఇది వేస్తే బయట నుంచి ఏం కనిపించదు, లోపల నుంచి అంతా కనిపిస్తుంది" అన్నాడు. పగలు అది నిజమే. ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు వైపు అద్దంలా మెరుస్తుంది, అంతే దాని గొప్ప. సాయంత్రం లోపల ట్యూబ్‌లైటు వేసి బయట చీకటి పడ్డాక అది తిరగబడుతుంది, లోపలివాళ్ళకి తమ మొహాలే కనిపిస్తాయి, బయటివాళ్ళకి గదంతా సినిమా. మేం కింది సగానికి గరుకు అద్దం బిగించి కదలకుండా చేశాం, పై సగం తెరుచుకునేలా పెట్టాం, లోపల మందం కర్టెన్. గాలి వస్తుంది, మనిషి కనిపించదు.

కౌన్సెలింగ్ గదికి ఉన్నది ఏడడుగుల ప్లైవుడ్ పార్టిషన్. పైన అంతా ఖాళీ. లోపల గుసగుసగా మాట్లాడినా హాల్లో కూర్చున్నవాళ్ళకి వినబడేది, అందుకని కౌన్సెలింగ్ జరుగుతున్నంత సేపు హాల్లో టీవీ సౌండ్ పెంచి పెట్టేవాళ్ళట. హెచ్‌ఐవి ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఒక మనిషి అనుమతి లేకుండా వాళ్ళకి హెచ్‌ఐవి ఉందో లేదో ఇంకొకరికి చెప్పకూడదు అంటుంది. రిజిస్టర్లకి తాళం వేస్తారు, పేర్ల బదులు కోడ్ నంబర్లు రాస్తారు, ఇంత చేసి పార్టిషన్ పై నుంచి మాట మొత్తం హాల్లోకి పోతుంటే ఏం లాభం? పార్టిషన్ తీసేసి, తేలిక బ్లాకులతో స్లాబుకి ఆనేదాకా గోడ కట్టాం, రెండు వైపులా ప్లాస్టరింగ్. గోడ కంటే తలుపు దగ్గరే శబ్దం ఎక్కువ పోతుంది, కాబట్టి బరువైన ఫ్లష్ డోర్, చుట్టూ రబ్బరు పట్టీ, కింద సందుకి బ్రష్. మూసేసిన గది కాబట్టి వెనక వైపు ఎగ్జాస్ట్ ఫ్యాను. అయిపోయాక టెస్ట్ చేయాలి కదా, ఒక చెల్లెను లోపల కూర్చోబెట్టి నన్ను గట్టిగా తిట్టమన్నాను. అది నిజంగా మనసుపెట్టి తిట్టింది, ఆ సంగతి అది బయటికి వచ్చి చెప్తేనే తెలిసింది, మాకు బయట ఫ్యాను చప్పుడు తప్ప ఏం వినబడలేదు.

ఇక బాత్‌రూం. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే, ఎక్కువ తలనొప్పి కూడా ఇదే. పాత తలుపు చట్రం చెద తిని ఉంది, గడియ పెట్టినా మూడు రోజుల్లో స్క్రూలు ఊడి చేతికొచ్చేవి, అందుకే గడియ లేదు. కరీంనగర్ గ్రానైట్ ముక్కలు మన దగ్గర చవకగానే దొరుకుతాయి, వాటితో చౌకట్ పెట్టించాను. గడియ నాలుక వెళ్ళే రంధ్రం రాయిలోనే డ్రిల్ చేయించాను. పైన ఒక గడియ, కింద ఒక గడియ. ఒకామె లోపలికి వెళ్ళి రెండూ వేసి, బయట నుంచి తోయమంది. మేస్త్రి మెల్లగా తోశాడు. "గట్టిగ తొయ్యి అన్నా, తాగినోడు తోసినట్టు తొయ్యి" అని లోపల నుంచి అరిచింది. భుజం పెట్టి తోశాడు, కదలలేదు.

వెంటిలేటర్ భుజం ఎత్తులో సందులోకి తెరుచుకుని ఉండేది, దాన్ని మూసి ఏడడుగుల పైన లూవర్లతో కొత్తది పెట్టాం. స్విచ్ లోపలికి మార్చాం, నీళ్ళు పడని మూల, తలుపు వెనక, ఎత్తులో, మూత ఉన్నది. ఎలక్ట్రీషియన్ సణిగాడు కానీ చేశాడు. టైల్స్ జారనివి, వాలు ట్రాప్ వైపు. రెండు టాయిలెట్లలో ఒకటి వెస్ట్రన్, ఎందుకంటే యాభై దాటినవాళ్ళు కూడా వస్తారు, మోకాళ్ళు ఎవరికైనా మోకాళ్ళే. ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా. చీర, బ్యాగు, ఫోన్ తడవకుండా పెట్టుకోవడానికి ఎత్తులో రాయి అర, గట్టి కొక్కేలు. మున్సిపల్ నీళ్ళు రాని రోజు కోసం పైన రెండు వేల లీటర్ల ట్యాంకు.

బాత్‌రూం బయట నిలువుటద్దం, దాని పక్కన ఇస్త్రీ పెట్టెకి ప్లగ్గు పెట్టాం. ఇది నా ఆలోచన కాదు. ఒకామె ఇంట్లో ఆసుపత్రిలో ఆయా డ్యూటీ అని చెప్పిందట. పొద్దున ఇక్కడికి వచ్చి స్నానం చేసి, వేరే చీర ఇస్త్రీ చేసి కట్టుకుని, జడ వేసుకుని ఇంటికి వెళ్ళి పిల్లని బడికి పంపాలి. "నలిగిన చీరతోటి పోతే మా అత్త మొకం చూసే చెప్తది మేడం." దీనికి ఏ డిజైనర్ దగ్గర డ్రాయింగ్ ఉంటుంది చెప్పండి.

లాకర్లు కంపెనీ వాళ్ళు సంతోషంగా ఇచ్చారు, స్టీలువి, మంచివే. వాటిని వెనక రేకుల వసారాలో పెడదాం, హాల్లో జాగ మిగులుతుంది అన్నారు. ఎండాకాలం వరంగల్‌లో రేకుల కింద స్టీలు పెట్టె ఎంత కాలుతుందో తెలుసు కదా. ఆ లాకర్లలో దాచుకునేది గాజులూ గొలుసులూ కాదు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, ఆసరా పింఛన్ కాగితాలు, ఇంకా కొందరికి ఎంజీఎం ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే హెచ్‌ఐవి మందులు. ఇంట్లో సీసా కనిపిస్తే గొడవ కాబట్టి ఇక్కడ పెట్టుకుని కొన్ని కొన్ని తీసుకెళ్తారు. ఆ మాత్రలు 30 డిగ్రీల లోపు ఉంచాలని సీసా మీదే రాసి ఉంటుంది. కాబట్టి లాకర్లు ఎండ తగలని లోపలి గోడకి వెళ్ళాయి, హాల్లో జాగ తగ్గింది, కౌంటర్ ఎగిరిపోయింది. రిసెప్షన్ కౌంటర్ వెనక కూర్చుని "ఏం పని మీద వచ్చారు" అని అడిగే మనిషి అక్కడ ఎవరికి కావాలి.

ఆధార్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఉత్తర్వులు సెంటర్ మేనేజర్ మేడం నాకు చదివి వినిపించింది. అడ్రస్ ప్రూఫ్ లేని సెక్స్ వర్కర్లకి నాకో గెజిటెడ్ అధికారి గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ సర్టిఫికెట్ ఇస్తే ఆధార్ ఇవ్వాలి, కార్డు మీద వాళ్ళ పని తెలిసే గుర్తేదీ ఉండకూడదు. కండోములు దగ్గర ఉండటాన్ని నేరంగా గానీ నేరానికి సాక్ష్యంగా గానీ చూడకూడదు. వాళ్ళ కోసం చేసే పనుల ప్లానింగ్‌లో, నిర్ణయాల్లో వాళ్ళని గానీ వాళ్ళ ప్రతినిధులని గానీ కలుపుకోవాలి. ఈ మూడోది విన్నాక నేను ఆ పేరా ఫొటో తీసుకుని కంపెనీ వాళ్ళకి పంపాను, తర్వాత సీతాకోకచిలుక లాంటి చర్చలు చాలా తగ్గాయి. కండోమ్ పెట్టె ముందు రూంలో టేబుల్ మీద ఉండేది, ఇప్పుడు బాత్‌రూం దారిలో గోడకి ఉంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎన్ని తీసుకుంటున్నారో ఎవరూ చూడరు.

కెమెరాలు పెట్టలేదు. భద్రత కోసమే అని వాళ్ళు అన్నది అబద్ధం అనను, కానీ పెద్దక్క ఒకటే అడిగింది, "గా బొమ్మలు ఎవల ఫోన్ల ఉంటయి?" దానికి ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. హార్డ్ డిస్క్ పోలీసులు అడిగితే, ఓనర్ అడిగితే, టెక్నీషియన్ కాపీ చేసుకుంటే? కెమెరాల డబ్బుతో ఇనుప గ్రిల్ గేటు, వెనక వైపు ఇంకో తలుపు పెట్టాం. వెనక తలుపు కాగితాల మీద ఫైర్ ఎగ్జిట్. అది నిజంగా ఫైర్ ఎగ్జిటే, కానీ మంట ఒక్కటే కాదు కదా ప్రమాదం.

ఓనర్ గురించి రాయకపోతే ఈ కథ సగమే. ముసలాయన, చెడ్డవాడేం కాదు, భయస్తుడు. కిరాయి అగ్రిమెంట్ మన దగ్గర ఎప్పుడూ 11 నెలలే, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి అందరూ అక్కడే ఆపేస్తారు. పదకొండు నెలల కోసం ఇంత డబ్బు గోడల్లో పోస్తే, రేపు ఖాళీ చేయమంటే ఎవరి కొత్త బాత్‌రూం అది? పని మొదలుపెట్టకముందే మూడేళ్ళకి రిజిస్టర్డ్ లీజు కావాలని నేను పట్టుబట్టాను. ఆయనకి ఎవరో వ్యభిచార నిరోధక చట్టం, 1956 నాటిది, తెలిసి తెలిసి ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్‌ని కూడా జైల్లో వేస్తుందని చెప్పారు. ఆ చట్టంలో ఆ సెక్షన్ ఉన్న మాట నిజమే, కానీ అది వ్యభిచార గృహానికి ఇచ్చినవాళ్ళకి. ఇక్కడ జరిగేది రక్తపరీక్షలు, నిద్ర, స్నానం. లీగల్ సర్వీసెస్ నుంచి ఒక లాయర్ మేడం వచ్చి ఆయనకి ఓపికగా చెప్పి, ఏ పనికి వాడతారో లీజులోనే రాయించింది. సంతకం పెట్టాడు. పెట్టాక రోజూ వచ్చి, ముందు గోడకి మేకులు కొడుతున్నామా అని చూసుకుని వెళ్ళేవాడు.

మా వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు కూలీల్లో ఒక కుర్రాడు వెకిలిగా నవ్వాడు, పాట కూడా అందుకున్నాడు. వాడిని మధ్యాహ్నానికే లెక్క కట్టి పంపేశాను, మిగతావాళ్ళు సర్దుకున్నారు. తర్వాత సెంటర్‌కి వచ్చేవాళ్ళలోనే ఇద్దరిని కూలికి పెట్టుకున్నాం, రేటు అందరికీ ఒకటే. అందులో ఒకామె ఏళ్ళ తరబడి అడ్డా మీద నిలబడి సైట్లలో పని చేసిన మనిషి. ఒకరోజు సిమెంటూ ఇసుకా మాలు కలిపి ఉంటే చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య రుద్ది, "గిది ఒకటికి ఆరు కాదు మేస్త్రీ, ఒకటికి ఎనిమిది ఉన్నది" అంది. మా మేస్త్రి పదేళ్ళుగా నాతో ఉన్నాడు, ఎవరి మాటా పడడు. ఏం మాట్లాడకుండా ఇంకో సిమెంటు బస్తా విప్పాడు. ఇప్పుడు వేరే సైట్లకి కూడా ఆమెని పిలుద్దామని ఆయనే అంటున్నాడు. నిద్రపోయే గది రోడ్డుకి దూరంగా వెనక్కి పెట్టమన్నది కూడా ఆమే. అక్కడ కొత్తవాడ నుంచి తెచ్చిన జంపఖానాలు పరిచాం, పరుపులు వద్దన్నారు, ఉతకడం కష్టమట.

ఓపెనింగ్ రోజు కంపెనీ వాళ్ళకి లబ్ధిదారులతో గ్రూప్ ఫొటో కావాలి. కుదరదన్నారు ఆడవాళ్ళు. మొహాలు బ్లర్ చేస్తామన్నారు. చీరని బట్టి, చేతి మీద పచ్చబొట్టుని బట్టి గుర్తుపట్టరా? చివరికి ఖాళీ గదుల ఫొటోలు తీసుకున్నారు, టైల్స్, లాకర్లు, నిలువుటద్దం. అద్దంలో ఫొటోగ్రాఫర్ పడ్డాడు, పాపం, రిపోర్టులో ఉన్న ఏకైక లబ్ధిదారుడు ఆయనే.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. క్లినిక్ గదిలో రక్తపరీక్ష సూదులు వేసే తెల్ల డబ్బా, రక్తం అంటిన దూది వేసే పసుపు డబ్బా పెట్టడానికి సరైన మూల కుదరలేదు, ఇప్పుడున్న చోట కాలు తగులుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ పాతది, కరెంటు పోతే కౌన్సెలింగ్ గదిలో ఎగ్జాస్ట్ ఆగిపోయి ఊపిరాడదు. వెనక వసారా రేకుల కింద వేడి తగ్గే ప్యానెల్స్ వేయాలి, పిల్లలు బడి అయ్యాక అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకుంటారు. దానికి వచ్చిన రెండు కొటేషన్లూ ఎక్కువగా ఉన్నాయి, పైగా ఇద్దరూ పొద్దున్నే వచ్చి డ్రిల్లింగ్ మొదలుపెడతామంటున్నారు. మధ్యాహ్నం రెండు తర్వాత వచ్చి, సాయంత్రం దాకా పని చేసి, ఎక్కడ చేశాడో నలుగురికి చెప్పుకోని ఫ్యాబ్రికేటర్ మీ ఎరుకలో ఉంటే నాకు చెప్పండి. అడ్వాన్స్ రెడీగా ఉంది.